కారులో అరకు, పాడేరు, లంబసింగి: మూడు రోజుల ఘాట్ ప్రయాణం ఎలా చేయాలి

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. హైవే లెక్కన రెండు గంటల పని. మొదటిసారి నేనూ అలాగే లెక్కేసుకున్నాను. తీరిగ్గా పది గంటలకు బయల్దేరి, మధ్యాహ్నమంతా బొర్రాలో జనం మధ్య గడిపి, చీకటి పడ్డాక గాలికొండ దగ్గర పొగమంచులో ముందున్న లారీ ఎర్ర లైట్లు పట్టుకుని అరకు చేరాను. ఆ రోజు నేను చూసిన ప్రకృతి అంతా కలిపితే ఆ లారీ వెనక రాసిన 'హారన్ ప్లీజ్' ఒక్కటే.

ఘాట్‌లో స్టీరింగ్ పట్టుకున్నవాళ్ళకి లోయ కనబడదు. కనబడకూడదు కూడా. అందుకే ఈ దారిలో ప్లాన్ వేసేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని కాదు, ఎక్కడెక్కడ ఆగాలి అని మొదలుపెట్టాలి. కింద చెప్పేది అలా వేసుకున్న ప్లానే. విశాఖలో మొదలై అనంతగిరి ఘాట్ ఎక్కి, అరకు, పాడేరు, చింతపల్లి, లంబసింగి చూసి, నర్సీపట్నం వైపు దిగి మళ్ళీ విశాఖ చేరే చుట్టు. పక్కదారులతో కలిపి దాదాపు 400 కిలోమీటర్లు, రెండు రాత్రులు. హైదరాబాద్, విజయవాడల నుంచి వచ్చేవాళ్ళు విశాఖలో ఒక రాత్రి నిద్రపోయి మొదలుపెట్టండి. రాత్రంతా హైవే మీద నడిపి తెల్లారి ఘాట్ ఎక్కడం మాత్రం వద్దు.

ముందు నెల ఎంచుకోండి

జలపాతాలు నిండుగా కావాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు. మంచు కావాలంటే డిసెంబరు, జనవరి. రెండూ కొంచెం కొంచెం కావాలంటే నవంబరు. నన్నడిగితే నవంబరే. అప్పటికి వాన తగ్గుతుంది, జలపాతాల్లో నీళ్ళింకా ఉంటాయి, పైగా అరకు చుట్టూ పొలాల్లో వలిసె పూస్తుంది. కొండ వాలంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. ఫొటో కోసం ఆ పొలాల్లోకి దిగి తొక్కేయకండి. అవి నూనెగింజల పంట, ఎవరిదో ఏడాది కష్టం. గట్టు మీద నిలబడినా ఫొటో బాగానే వస్తుంది.

అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్ల భయం ఉంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త చూస్తే ప్రయాణం వారం జరపండి. మట్టి నానిన కొండ మీద వాన ఆగిన మర్నాడు కూడా చరియలు విరిగిపడొచ్చు. శని, ఆదివారాలు, సంక్రాంతి, కొత్త సంవత్సరం రోజుల్లో ఘాట్ మీద కార్ల తోక కనబడదు. మంగళవారం బయల్దేరి గురువారం దిగేలా చూసుకోండి. సెలవు పెట్టలేమంటారా, శుక్రవారం తెల్లవారుజామున మొదలుపెట్టండి.

బండిని ఇలా చూసుకోండి

పెద్ద బండే ఉండాలని లేదు. మామూలు చిన్న కారు ఈ చుట్టు అంతా హాయిగా తిరిగొస్తుంది. వెళ్ళే ముందు మెకానిక్‌కి 'ఒకసారి చూడు బాబూ' అని వదిలేస్తే మాత్రం కుదరదు. బ్రేక్ ప్యాడ్లు ఎంత మిగిలాయో విప్పి చూపించమనండి. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్ళు దాటితే మార్పించండి. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది, తేమ చేరిన ఆయిల్ దిగుడులో వేడెక్కి మరిగితే పెడల్ మెత్తబడిపోతుంది. కూలెంట్ మట్టం, వైపర్ రబ్బర్లు, ఫాగ్ లైట్లు చూసుకోండి. స్టెప్నీలో గాలి ఉందో లేదో చాలామంది పంక్చరయ్యాకే చూస్తారు. టైర్లలో గాలి డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసినంతే ఉంచండి. కొండ దారి కదా అని ఎక్కువా వద్దు, తక్కువా వద్దు.

ట్యాంకు విశాఖలో నింపుకోండి. పైన అరకు, పాడేరు, చింతపల్లిలో బంకులున్నా సగం తగ్గాక ఎక్కడ కనబడితే అక్కడ పోయించడం మంచిది. మలుపుకొకసారి సిగ్నల్ పోతుంది, కాబట్టి మ్యాప్ ముందే ఫోన్‌లోకి డౌన్‌లోడ్ చేసుకోవాలి. చేతిలో చిల్లర నోట్లు ఉండాలి. పార్కింగ్‌కి, జీపుకి, మొక్కజొన్న పొత్తుకి ప్రతిచోటా ఫోన్ పే పనిచేస్తుందని నమ్ముకోకండి. స్వెట్టర్లు, దోమల మందు తప్పనిసరి. మన్యంలో మలేరియా ఇప్పటికీ పోలేదు.

కడుపులో తిప్పేవాళ్ళుంటే ముందు సీట్లో కూర్చోబెట్టండి. నూనె ఓడే పూరీలు కాకుండా రెండు ఇడ్లీలు పెట్టండి, ఫోన్ చూడనివ్వకండి, చేతికి ఒక నిమ్మకాయ ఇవ్వండి. వాంతుల మాత్ర వేసుకునే అలవాటుంటే ఘాట్ మొదలవడానికి అరగంట ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక పెద్దగా పనిచేయదు. నడిపేవాళ్ళు మాత్రం వేసుకోకూడదు. నిద్ర వస్తుంది.

ఎక్కడం తేలికే, దిగడమే విద్య

ఈ భాగం నడిపేవాళ్ళు రెండుసార్లు చదవండి.

ఒకసారి పాడేరు ఘాట్‌లో మాడుగుల వైపు దిగుతున్నాను. మూడో గేరులో వదిలేసి, మలుపు వచ్చినప్పుడల్లా బ్రేకు తొక్కుతూ సరదాగా వస్తున్నాను. సగం దిగేసరికి కాలిన రబ్బరులాంటి వాసన. ఇంకో రెండు మలుపులకి పెడల్ అంతకుముందుకంటే లోతుగా పోతోంది. గుండె జారింది. ఎలాగో పక్కకు తీసి ఆపాను. అక్కడే టీ తాగుతున్న లారీ డ్రైవరొకాయన వాసన పట్టి వచ్చి అన్నాడు: "ఏటి బాబూ, బ్రేకు మీదే దిగిపోతన్నావేటి? ఏ గేరులో ఎక్కుతావో ఆ గేరులోనే దిగాల."

అంతే సూత్రం. ఒక వాలు ఎక్కడానికి రెండో గేరు కావాలంటే దిగడానికీ రెండో గేరే. మరీ నిటారుగా ఉంటే ఒకటి. అప్పుడు ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, మోత ఎక్కువైనా కంగారు పడక్కర్లేదు. బ్రేకు మలుపుకి ముందు గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గాక వదిలేయాలి. పాదం దాని మీదే పెట్టుకుని కూర్చుంటే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది. పెట్రోలు ఆదా అని న్యూట్రల్‌లో దించడం ప్రాణం మీదకి తెచ్చుకోవడమే. ఆటోమేటిక్ కార్లలో 'డి'లో వదిలేయకుండా 'ఎల్' గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి. ఎలక్ట్రిక్ కారైతే రీజెన్, అంటే పెడల్ వదలగానే మోటారే బండిని పట్టి కరెంటు చేసే ఏర్పాటు, ఎక్కువలో పెట్టండి, దిగేటప్పుడు బ్యాటరీ కాస్త నిండుతుంది కూడా. ఎక్కేటప్పుడు తినేసేది మాత్రం చాలా ఎక్కువ, ముందే లెక్క చూసుకోండి.

బ్రేకుల వాసన వస్తే ఆపి అరగంట కూర్చోండి. చక్రాల మీద నీళ్ళు పోయకండి. ఎర్రగా కాగిన డిస్కు ఒక్కసారి చల్లబడితే వంకరపోతుంది, పగలొచ్చు కూడా.

ఎక్కేటప్పుడు చూసుకోవాల్సింది క్లచ్. మలుపులో ఆగిపోతే హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ పట్టు అందాక వదులుతూ కదలండి. క్లచ్ సగం తొక్కి బండిని వాలు మీద నిలబెడితే అది కాలిపోతుంది. ఐదుగురితో చిన్న కారు ఆయాసపడుతుంటే కాసేపు ఏసీ కట్టేసి అద్దాలు దించండి. కాఫీ పూల కాలమైతే అదే లాభం.

దారి ఇరుకైనచోట ఎక్కే బండికే ముందు హక్కు. మర్యాద కోసం చెప్పే మాట కాదిది, డ్రైవింగ్ నిబంధనల్లోనే ఉంది. దిగే బండి ఆగాలి. ఎదుటి దారి కనబడని మలుపులో హారన్ కొట్టి, మీ ఎడమ పక్కనే ఉండి తిప్పండి. హెయిర్‌పిన్‌లో, అంటే దారి పూర్తిగా వెనక్కి తిరిగే మలుపులో, బస్సుకి మొత్తం రోడ్డు కావాలి. దాని ముక్కు కనబడగానే కింద ఆగి దారివ్వండి. పొగమంచులో హైబీమ్ వేస్తే మీ కళ్ళకే తెల్లగోడ కట్టినట్టవుతుంది. డిమ్ లైట్, ఫాగ్ లైట్, నెమ్మది వేగం, అంతకుమించి ఏం లేదు. ఇండికేటర్లు నాలుగూ వెలిగించి నడపడం మానండి, మీరు ఆగారో వెళ్తున్నారో వెనకవాళ్ళకి తెలియదు.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో హైదరాబాద్ పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. అరకు అనగానే విహారం మాత్రమే గుర్తుకొచ్చేవాళ్ళకి అది నిజమైన కొండ దారి అని చెప్పడానికి. ఘాట్‌లో గంటకు 25, 30 కిలోమీటర్లు లెక్కేసుకోండి. సాయంత్రం ఐదు దాటాక ఘాట్ మీద ఉండకుండా చూసుకోండి.

మొదటి రోజు: గోస్తని వెంట పైకి

ఐదున్నరకల్లా విశాఖ వదలండి. పెందుర్తి, కొత్తవలస మీదుగా ఎస్.కోట, అంటే శృంగవరపుకోట, సుమారు 50 కిలోమీటర్లు. అక్కడ టిఫిన్.

జలాశయం చూడాలనుకుంటే ఇక్కడి నుంచే కాస్త పక్కకు తిరిగి తాటిపూడి వెళ్ళొచ్చు. గోస్తని నది మీద కట్టిన ఆనకట్ట అది, విశాఖకి తాగునీళ్ళిచ్చే వనరుల్లో ఒకటి. పొద్దున్నే గాలి లేనప్పుడు చుట్టూ కొండలు నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉంటాయి. ఒక గంట ఇవ్వండి. ఆ నది పేరు గుర్తుంచుకోండి, పైన మళ్ళీ కలుస్తుంది.

బొడ్డవర దాటాక ఘాట్ మొదలవుతుంది. తైడ, డముకు, అనంతగిరి వరస. డముకు వ్యూపాయింట్ దగ్గర ఆగండి. రైలు గీతలా లోయ అవతల కొండ నడుముకి చుట్టుకుని పోతుంటుంది. అది కొత్తవలస, కిరండూల్ లైను. దాని మీద సొరంగాలే 58. ఘాట్ నడపడం మీద ధీమా లేనివాళ్ళు ఆ రైలెక్కి అరకు వెళ్ళి, అక్కడ స్థానిక డ్రైవరున్న కారు మాట్లాడుకోవడం తెలివైన పని. నామోషీ ఏమీ లేదు.

ఆగేటప్పుడు ఒక మాట. వ్యూపాయింట్ల దగ్గర, వెడల్పుగా ఖాళీ ఉన్నచోట మాత్రమే ఆగండి. మలుపులో ఎడమ చక్రం మట్టిలోకి దించి నలుగురూ దిగి సెల్ఫీలు తీసుకుంటుంటారే, వాళ్ళలా కాదు.

బొర్రా గుహలు మెయిన్ రోడ్డు నుంచి పక్కకు వెళ్ళాలి. ఉదయం తెరవగానే లోపలికి వెళ్ళేలా చేరుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది. సున్నపురాయిని నీళ్ళు లక్షల ఏళ్ళు కరిగించి చేసిన గుహలివి, ఆ పని చేసిన నీళ్ళు గోస్తనివే. ఆవొకటి పైనుంచి బిలంలో పడితే వెతుక్కుంటూ వచ్చిన పశువుల కాపరికి లోపల శివలింగం కనబడిందని ఇక్కడివాళ్ళు చెబుతారు. గోస్తని అంటే ఆవు పొదుగు. లోపల మెట్లు తడిగా ఉంటాయి, చెప్పులు పట్టున్నవి వేసుకోండి. బయట కోతులు మనుషుల కంటే చురుగ్గా ఉంటాయి. సంచిలో తినేది ఏదీ చేత్తో పట్టుకు తిరగకండి, కారు అద్దాలు ఎక్కించండి.

బొర్రా నుంచి కటికి జలపాతానికి మీ కారు తీసుకెళ్ళాలని పంతం పట్టొద్దు. రాళ్ళ దారి, కింద తగులుతుంది. అక్కడే జీపులుంటాయి, ధర ముందే మాట్లాడుకుని ఎక్కండి. జీపు దిగాక కొంత నడవాలి. ఆ దూకే నీళ్ళు మళ్ళీ గోస్తనే. పొద్దున అద్దంలా చూసిన నది ఇక్కడ ఇలా అరుస్తోందా అనిపిస్తుంది.

అక్కడి నుంచి ఎక్కుతూ పోతే గాలికొండ. కాఫీ తోటలు ఇక్కడే దగ్గరగా కనబడతాయి. పైన నీడకి సిల్వర్ ఓక్ చెట్లు, వాటి కాండానికి పాకిన మిరియాల తీగ, కింద కాఫీ. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రోడ్డు పక్క ఒక కప్పు తాగండి, పొడి కొనేటప్పుడు మాత్రం చికోరీ కలిపారా అని అడగండి. సాయంత్రానికి అరకు. ఓపికుంటే గిరిజన మ్యూజియం చూడండి. పద్మాపురం గార్డెన్స్ పిల్లలున్నవాళ్ళకి. లేనివాళ్ళు ఆ గంట నిద్రపోతే మర్నాడు పనికొస్తుంది.

రెండో రోజు: చాపరాయి, పాడేరు

ఇది తేలిక రోజు, కావాలనే అలా పెట్టాను. అరకు నుంచి పాడేరు 45 కిలోమీటర్లకి అటూఇటూ.

డుంబ్రిగుడ దగ్గర చాపరాయి వస్తుంది. పేరులోనే ఉంది, చాప పరిచినంత నున్నటి బండ మీద నీళ్ళు జారుతుంటాయి. చూస్తే మోకాలి లోతు ఆటలా కనబడుతుంది. ఆ నునుపే ప్రమాదం. పాకుడు పట్టిన రాయి మీద కాలు జారితే కిందున్న గుంటల్లోకి పోతారు, అక్కడ లోతు తెలియదు. జలపాతం ఏదైనా ఇవి పాటించండి: నీళ్ళు దూకే అంచుకి పోవద్దు, మందు తాగి దిగొద్దు, స్థానికులు వద్దన్న చోట వద్దు. తేటగా ఉన్న నీళ్ళు ఎర్రబడుతున్నా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరుగుతున్నా పైన ఎక్కడో వాన పడిందని అర్థం. చెప్పులు, ఫోన్లు ఏరుకుంటూ కూర్చోకుండా గట్టెక్కేయండి.

దగ్గర్లోనే బొంగులో చికెన్ కాలుస్తుంటారు. నూనె లేకుండా, పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద పెడతారు. మీ కళ్ళ ముందు కాల్చింది తీసుకోండి, ఎప్పుడో కాల్చి ఉంచింది వద్దు. ముప్పావుగంట పడుతుందంటే కంగారు పడకుండా కూర్చోండి.

పాడేరు దారిలో రోడ్డే ఊరివాళ్ళ కళ్ళం. ధాన్యం ఆరబెడతారు, మేకలు తోలుకెళ్తారు, సంత రోజైతే నెత్తిన బుట్టలతో వరసగా నడిచి వస్తుంటారు. హారన్‌తో తరమకండి. ఆడవాళ్ళ ఫొటోలు అడగకుండా తీయకండి. సంతలో పసుపు, పిప్పళ్ళు, అడ్డాకులు దొరికితే బేరం మరీ పిండకండి. చెక్‌పోస్టుల్లో గంజాయి కోసం డిక్కీ తెరిపిస్తారు, మర్యాదగా తెరిచి చూపించండి. ఎవరైనా 'ఈ సంచి నర్సీపట్నంలో ఇచ్చేయండి' అంటే మాత్రం ఎంత పేదముఖం పెట్టినా తీసుకోవద్దు.

పాడేరు అల్లూరి సీతారామరాజు జిల్లాకి కేంద్రం, 2022లో జిల్లా ఏర్పడింది. మోదకొండమ్మ గుడి ఊళ్ళోనే ఉంది. మాడుగుల నుంచి వచ్చే ఘాట్‌లో అమ్మవారి పాదాల దగ్గర బస్సు డ్రైవర్లు కూడా ఆగి దణ్ణం పెట్టుకుని కదులుతారు. తొమ్మిదికల్లా పడుకోండి.

మూడో రోజు: వంజంగి నుంచి తాజంగి దాకా

నాలుగింటికి లేవాలి. వంజంగి కొండ పాడేరుకి 6, 7 కిలోమీటర్లే. కారు కింద పెట్టి జీపులోనో నడిచో పైకి పోవాలి. అదృష్టం బాగుంటే మబ్బులన్నీ మీ కాళ్ళ కింద పరుచుకుని, దూరపు కొండలు లంకల్లా తేలుతూ సూర్యోదయం చూస్తారు. బాగోకపోతే తెల్లటి మంచు తప్ప ఏమీ కనబడదు. నేను మూడుసార్లు వెళ్తే ఒక్కసారి కనబడింది. రాత్రి వాన పడి తెల్లవారుజామున ఆకాశం తేటపడితే ఆశ ఎక్కువ. టార్చి, బూట్లు, చెవులకి మఫ్లర్ మర్చిపోకండి.

దిగి టిఫిన్ చేసి జి.మాడుగుల (ఘాట్ కింద ఉన్న మాడుగుల కాదు, ఇది వేరే ఊరు) మీదుగా చింతపల్లి దారి పట్టండి. ఆ దారిలోనే కొత్తపల్లి జలపాతం. కటికిలా ఎత్తు నుంచి దూకదు, మెట్లు మెట్లుగా చెట్ల మధ్య దిగుతుంది. మెట్లు కట్టారు కాబట్టి పెద్దవాళ్ళూ నెమ్మదిగా వెళ్ళగలరు. ఈ మొత్తం దారిలో ఒకే ఒక్క జలపాతానికి టైముందంటే నేను దీనికే ఓటేస్తాను.

చింతపల్లిలో ఒక నిమిషం. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మన్యం వీరులతో వచ్చి ఆయుధాలు పట్టుకెళ్ళింది ఈ ఊరి పోలీసు స్టేషన్ నుంచే. మీరు కారులో కూడా ఆయాసపడే ఈ కొండల్ని వాళ్ళు కాలినడకన దాటి మర్నాడు కృష్ణదేవిపేటలో, ఆ మర్నాడు రాజవొమ్మంగిలో ఉన్నారు.

లంబసింగి గురించి ముందే చెప్పాలి. ఆంధ్రా కశ్మీర్ అన్న పేరు విని మధ్యాహ్నం చేరితే మామూలు కొండ ఊరు కనబడుతుంది. అక్కడి చలి తెల్లవారుజాముది, అదీ డిసెంబరు, జనవరి నెలల్లో. దాని పాత పేరు కొర్రబయలు, అంటే బయట పడుకుంటే కొర్రులా కొయ్యబారిపోతారని. ఆ చలే కావాలంటే రెండో రాత్రి పాడేరులో కాకుండా ఇక్కడ ఉండండి, వంజంగి వదులుకోండి. రెండూ ఒకే పొద్దున కుదరవు, కుదురుతాయని చెప్పేవాళ్ళని నమ్మొద్దు.

లంబసింగికి 6, 7 కిలోమీటర్ల పక్కన తాజంగి జలాశయం. భోజనం అక్కడ గట్టు మీద చేయండి. తిన్న ప్లేట్లు, సీసాలు డిక్కీలో వేసుకుని కిందకి తెచ్చేయండి.

మూడింటికల్లా లంబసింగి వదిలితే డౌనూరు వైపు ఘాట్ వెలుగులోనే దిగుతారు. లారీ డ్రైవర్ మాట గుర్తుంది కదా. ఈ వైపు కొన్నిచోట్ల జాతీయ రహదారి 516ఇ వచ్చి దారి కొత్తగా, వెడల్పుగా కనబడుతుంది. నున్నటి రోడ్డు చూసి వేగం పెంచకండి, కొండ వాలు మారలేదు. నర్సీపట్నంలో టీ తాగి, చక్రాల దగ్గర వాసన చూసి, టైర్లు ఒకసారి తడిమి తాళ్ళపాలెం మీదుగా హైవే ఎక్కండి. రాత్రి ఏడెనిమిదికి విశాఖ.

మర్నాడు ఒక పూట మిగిలితే బీచ్ రోడ్డులో భీమిలి వెళ్ళిరండి. మొదటి రోజు బొర్రాలో చీకట్లో, కటికిలో అరుస్తూ, తాటిపూడిలో నిద్రపోతూ కనబడిన గోస్తని అక్కడే సముద్రంలో కలుస్తుంది. మొగ దగ్గర ఇసుక మెత్తన, కారు రోడ్డు మీదే ఆపండి. ఆ నీళ్ళలోకి దిగకండి, లాగేస్తాయి.